పేరు చెప్పడానికి ఇష్టపడని ‘ఆయన’

“ఆయన అంటే మగోడే గద! ఇంకేం రుజువు కావాలె?”

రాకేష్ చూపుడువేలితో పత్రికను పొడిచాడు. పొడిచిన చోట కాగితం చిరిగింది. ఆ కాగితం మీద రవ్వచేప ఒకటి, నోరు తెరుచుకుని, ఎవరి మాటా వినకుండా పడి ఉంది.

అది మిరుగు నాటి ఉదయం. మృగశిర కార్తె మొదలైన రోజున చేప తినడం ఆ ఇంటి ఆనవాయితీ. కల్వకుర్తి సంతలో నలుగురితో పోటీపడి బేరమాడి తెచ్చుకున్న చేపకు పొలుసు తీయడానికి ప్రమీలమ్మ చేతికందిన కాగితం పరిచింది. అది నాలుగు రోజుల కిందటి పత్రిక అనీ, కొడుకు, కోడలు పనిచేసే ‘సిరిగింజ సీడ్స్’ గుట్టు అచ్చయింది ఆ పేజీలోనేననీ ఆమెకు తెలియదు. కొడుక్కి తెలుసు. కోడలికి ఇంకా బాగా తెలుసు.

“పొలుసన్న తీయనియ్యిరా కొడుకా,” అంది ప్రమీలమ్మ. “నీ కంపెనీ పంచాయితి చేపకేమెరుక?”

“నువ్వు జర ఆగమ్మా. కరుణా, ఇటు రా. ఇను.”

కరుణ చింతపండు పిసుకుతున్న చేతితోనే వచ్చి గడప దగ్గర నిలబడింది. రాకేష్ చేపను పక్కకు జరిపి, తడిసిన అక్షరాల మీదికి వంగి చదివాడు.

“‘పోయిన ఏడాది గింజల సంచులకు కొత్త తేదీ అంటించారు. పరీక్షలో వందకు యాభై ఆరే మొలిచాయి. మొలవని గింజను వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది’ అని మొలక పరీక్ష గదిలో పనిచేసే, పేరు చెప్పడానికి ఇష్టపడని ఉద్యోగి ఒకరు తెలిపారు. రైతులకు తీరని అన్యాయం జరుగుతోందని ఆయన వాపోయారు.” అతను తల ఎత్తాడు. “ఇన్నవా? ఆయన వాపోయారు. మీ గదిల ఉన్నది ముగ్గురు. నువ్వు, స్వరూప, ఎల్లస్వామి. అండ్ల వాపోయే మగోడెవలు?”

చింతపండు రసం కరుణ వేళ్ల సందుల్లోంచి నేల మీదికి కారింది.

నాలుగు రోజులుగా ఆ వార్తను ఆమె ఎన్నిసార్లు చదువుకుందో లెక్క లేదు. చదివిన ప్రతిసారీ ఎవరో పరాయి మనిషి మాట్లాడుతున్నట్టే ఉంది. ఆమె ‘వాపోలేదు’. బస్టాండు వెనక సిమెంటు బల్ల మీద కూర్చుని, ఇప్పుడు పత్రికలో పనిచేసే కాలేజీ నాటి స్నేహితురాలు సుహాసినికి, గొంతు పెంచకుండా, కన్నీరు పెట్టకుండా, చూసింది చూసినట్టు చెప్పింది. ఆ మాటలకు అచ్చులో చొక్కా తొడిగారు, మీసం దిద్దారు, ‘ఆయన’ అని పేరు పెట్టారు.

“పేరు లేనోని మాట పట్టుకొని ఊరంత ఉరుకుతుంది,” అన్నాడు రాకేష్. “పొద్దుగాల నుంచి ఇరవై ఫోన్లు. వంగూరు నుంచి, వెల్దండ నుంచి. గింజ మంచిదేనా సారూ, గింజ మంచిదేనా సారూ. ఎవలికని చెప్పాలె?”

“పేరు లేకపోతే మాట అబద్ధమైతదా?” అంది కరుణ.

అడిగాక ఆమెకే భయం వేసింది. రాకేష్ మాత్రం కోప్పడలేదు. నిజంగా ఆలోచించే చెప్పాడు.

“అబద్ధమైతదని అంటలేను. పేరున్నదనుకో, అడగొచ్చు. ఏడ జూసినవ్, ఎన్నడు జూసినవ్, నీకు కంపెనీ మీద ఏమన్న పగ ఉన్నదా అని. పేరు లేనోన్ని ఏమడుగుతం? గాలిని అడుగుతమా? రేపు నా మీద గూడ గట్లనే రాస్తరు. రాకేష్ దొంగ అని ‘ఒకరు’ తెలిపిండ్రు అని. నేనెవ్వని మొకం జూసి కాదని చెప్పాలె?”

అది తప్పు ప్రశ్న అయితే కాదు. అందుకే కరుణకు ఎక్కువ నొప్పి పెట్టింది.

“పేరు చెప్పుకోనోడు పిరికోడు,” అని తేల్చేసింది ప్రమీలమ్మ, చేపను మళ్లీ తన ముందుకు లాక్కుంటూ. “చెప్పేదుంటే మొకం మీద చెప్పాలె. చెవుల చెప్పి సాటుకు కూసుంటే గదేం మొగతనం?”

“అత్తమ్మా, చింతపులుసు పొయ్యాల్నా ఇప్పుడే?”

“పొయ్యి. చేప నేను గాక పేపరోళ్లు కోస్తరా?”

కరుణ వంటింట్లోకి తిరిగింది. వెనక నుంచి రాకేష్ గొంతు వచ్చి వీపుకు తగిలింది.

“నాలుగు గంటలకల్లా మేనేజర్ ప్రేమ్‌సాగర్ సారుకు కాగితం ముట్టాలె. ఆ మాటలు చెప్పింది నేనే, కోపంల అబద్ధం చెప్పిన అని ఎల్లస్వామి సంతకం పెడ్తడు. వాని పెండ్లాం సైదమ్మను రమ్మన్న. కాగితం నువ్వే రాయాలె కరుణా. నీ దస్తూరి మంచిగుంటది.”

గిన్నె అంచుకు గరిటె తగిలి మోగింది. మోత ఆగాక కూడా కరుణ గరిటెను వదల్లేదు.

*

ఫోను మోగింది. సుహాసిని. కరుణ నీళ్లు తెచ్చే నెపంతో బిందె చంకన పెట్టుకుని ఇంటి వెనక తొట్టి దగ్గరికి వెళ్లింది.

“ఒక్కదానివే ఉన్నవా?” అంది సుహాసిని.

“ఒక్కదాన్నే.”

నిజానికి ఇన్ని రోజుల్లో ఆమె అన్న మాటల్లో అంతటి నిజం మరొకటి లేదు.

“కరుణా, ఒట్టు. నేను ‘వారు’ అనే రాసిన. ‘వారు తెలిపారు’ అని. అంటే ఆడమనిషైనా కావచ్చు, మగమనిషైనా కావచ్చు, ఒక్కలు కావచ్చు, పదిమంది కావచ్చు. అందుకే రాసిన. డెస్కుల ఎవలో, సదివేటోళ్లకు తికమక అని ‘ఆయన’ జేసిండ్రు. అచ్చయినంకనే చూసిన. ఒకందుకు మంచిదే అనుకున్న. నిన్ను ఇంకింత దాచినట్టయింది గద అనుకున్న.”

“నన్ను దాచి ఎల్లన్నను బయట పెట్టిండ్రు.”

అవతల ఎవరో టైపు చేస్తున్న చప్పుడు, ఎవరో నవ్విన చప్పుడు. అక్కడ కార్యాలయంలో మనుషులున్నారు. ఇక్కడ తొట్టిలో నీళ్లు ఉన్నాయి, నీళ్లలో మబ్బు ఉంది.

“ఎడిటర్ సారు అడుగుతున్నడు,” అంది సుహాసిని. “ఒక్క మనిషి మాట మీద కంపెనీని ఎట్ల రాసినవ్ అని. రెండో మనిషి ఉన్నదా అన్నడు. స్వరూపను కలిసిన. నాకేం తెల్వదు అక్కా, నా పొట్ట కొట్టకు అన్నది. కాగితమన్న ఉంటే...”

“రిజిస్టరు ఉన్నది. అండ్ల డెబ్బై ఎనిమిది అని ఉన్నది.”

“ఎవలు రాసిండ్రు?”

“నేనే రాసిన.”

కరుణ బిందెను తొట్టిలోకి వంచింది.

“సారు పక్కన నిలబడి రాయమన్నడు. రాసిన. నా కండ్లు యాభై ఆరు చూసినయ్, నా చెయ్యి డెబ్బై ఎనిమిది రాసింది. కాగితం గూడ వాళ్ల దిక్కే మాట్లాడ్తది సుహాసినీ. నా దిక్కు మాట్లాడేటందుకు నా నోరు తప్ప ఇంకోటి లేదు.”

“నీ పేరు నా నోట్లకెళ్లి రాదు. నౌకరి పోయినా రాదు. గని ఎల్లస్వామి సంతకం పెట్టిండనుకో, రేపు ‘వివరణ’ అని మా పేపర్లనే ఏస్తరు. చెప్పిన మనిషే అబద్ధమన్నడంటే, ఇంక ఆ గింజ సంగతి నేను రాసినా ఇంకెవలు రాసినా నమ్మరు. ఇయ్యాల మిరుగు. ఒక్క వాన పడ్డదంటే అందరు ఇత్తుకుంటరు.”

“నన్ను పేరు చెప్పుమంటున్నవా?”

“లేదు. మాట ఇచ్చిన నీకు. నేను అడుగ.”

“అడగనిదానివి ఫోన్ ఎందుకు చేసినవే?”

సుహాసిని ఫోను పెట్టేయలేదు. కరుణే ఎర్ర గుర్తును నొక్కింది.

బిందె మునిగింది. నిండింది. అడుక్కి జారింది. ఆమె చూడలేదు.

నిన్న దేవరకొండ దగ్గరి తన ఊళ్లో ఉన్న తండ్రికి కూడా ఫోను చేసింది. “బాపూ, ఇత్తనం జర ఆగరాదూ, పేపర్ల ఏదో వచ్చింది,” అంది. భీమయ్య నవ్వాడు. “పేరు లేని మాటకు ఆగాల్నా బిడ్డా? గింజ ఇచ్చింది అల్లుడు గద.” తన మాటకు లేని విలువ తన భర్త పేరుకు ఉంది. ‘ఆ మాట నాదే బాపూ’ అనడానికి ఆమె నోరు తెరిచింది. అప్పటికే భీమయ్య ఎడ్లను అదిలిస్తూ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

ఇంట్లోంచి ప్రమీలమ్మ పిలిచింది.

“ఏమే పిల్లా, బాయి తవ్వుతున్నవా? సైదమ్మ వచ్చింది.”

*

సైదమ్మ కుర్చీలో కూర్చోలేదు. గడపకు ఇవతల, గోడకు ఆనుకుని, కొంగు కింద చేతులు దాచుకుని కూర్చుంది. నడిచి వచ్చిన కాళ్ల మీద ఎర్రదుమ్ము చీలమండల దాకా పట్టి ఉంది.

“మా ఆయన చెప్పలే సారూ,” అంది, ఎవరూ అడగకముందే. “పిల్లల మీద ఒట్టు. ఆయనకు పేపర్లోళ్లు ఎవలో గూడ తెల్వదు. ట్రేలు కడుగుడు, ఇసుక ఆరబోసుడు, గంతే ఎరుక.”

“చెప్పలేదంటే ఎట్ల సైదమ్మా?” రాకేష్ గొంతు తగ్గించాడు. కంపెనీ తరఫున రైతులతో మాట్లాడే మెత్తటి గొంతు అది. “పేపర్ల ‘ఆయన’ అని ఉన్నది. నేను చెప్తలేను. పేపరే చెప్తుంది.”

“పేపరు అబద్ధం రాసిందని మీరే అంటున్నరు గద సారూ. మరి ‘ఆయన’ అన్నది ఒక్కటే నిజం రాసిందా?”

ప్రమీలమ్మ చేతిలో కత్తి ఆగింది. నవ్వు ఆపుకోవడానికి ఆమె చేప తోక వైపు తిరిగింది.

రాకేష్ గొంతు సవరించుకున్నాడు. “సంతకం పెడితే నౌకరి వాపస్ ఇస్తమన్నడు సారు. సోమవారం నుంచి రావొచ్చు.”

“చెయ్యలేదంటే తీసేసిండ్రు. చేసిన అంటే తీసుకుంటరా? గిదేం కంపెనీ సారూ?” సైదమ్మకు నిజంగానే అర్థం కాలేదు. కాసేపు ఆలోచించి, కరుణ వైపు తిరిగి, గొంతు తగ్గించింది. “ఇంకో సంగతి చెప్పాల్నా బిడ్డా? శుక్రవారం నుంచి మా వాడకట్టుల ఆయనను చూసుడే మారింది. హోటల్ల చాయ్ తాపిస్తున్నరట. ‘ఎల్లన్నా, నువ్వు మొగోనివే’ అన్నరట. నేను కాదురా అంటే, ‘కాదనే చెప్పాలె తియ్యి’ అని కన్ను కొట్టిండ్రట. ముప్పై ఏండ్లల ఆయన మాట ఒక్కడు ఇనలే. అనని మాటను ఊరంత ఇంటున్నది. నిన్న అద్దం ముంగట నిలబడి ఎంటికలు దువ్వుకున్నడు.”

కరుణకు నవ్వు వచ్చింది. తన మాటకు ఊరు చాయ్ తాపుతోంది. తాగుతున్నది వేరొకరు. అతనికీ అది తన చాయ్ కాదని తెలుసు. ఎవరి మాటకు ఎవరి నోరు, ఎవరి తప్పుకు ఎవరి సంతకం.

“మరి ఇయ్యాల సంతకం పెడ్తడా?” అంది కరుణ.

“పెట్టకేం జేస్తడు? పెడితే మల్ల ఎవ్వలు మాట్లాడరు ఆయనతోని. చాయ్ తాపినోళ్లే ఉమ్మేస్తరు. అమ్ముడువోయినోడు అంటరు. పొద్దటి నుంచి గోడ దిక్కు మొకం పెట్టి పండుకున్నడు.” సైదమ్మ కొంగు సర్దుకుంది. “మిరుగు నాడు చేప తెస్తడు ఏటా. ఇయ్యాల పొయ్యి గూడ ముట్టియ్యలే.”

చేప ముక్కలు పళ్లెంలో పడ్డాయి.

ప్రమీలమ్మ లేచి, నాలుగు ముక్కలు ఆకులో పెట్టి సైదమ్మ పక్కన ఉంచింది. “తీస్కపో. పులుసు నువ్వే చేస్కో,” అంది, తిట్టినట్టు.

రాకేష్ అలమరలోంచి తెల్ల కాగితం, కలం తెచ్చి కరుణ ముందు పెట్టాడు.

*

“రాయి.”

కరుణ చేయి తుడుచుకుంది. పసుపు పోలేదు. కాగితం అంచున వేలిముద్ర పడింది.

“నేను, ఎల్లస్వామి, తండ్రి కీర్తిశేషులు మల్లయ్య...” రాకేష్ గదిలో అటూ ఇటూ నడుస్తూ చెప్పసాగాడు. పంచాయతీ కాగితాలకు, కచేరీ అర్జీలకు వాడే గట్టి భాష అది. దాన్ని మనుషులు మాట్లాడరు, కాగితాలే మాట్లాడతాయి. “...సిరిగింజ సీడ్స్ మొలక పరీక్ష గదియందు పనిచేయుచున్నవాడను, నా ఇష్టపూర్వకముగా రాసి ఇచ్చు కాగితం ఏమనగా...”

కరుణ ‘నేను’ అని రాసింది. కామా పెట్టింది. కలం అక్కడ ఆగింది.

‘నేను’ అన్న మాటకు ఆడ లేదు, మగ లేదు. ఎవరు పలికితే వారిది. దాని పక్కన పేరు పడ్డాకే అది ఒకరి సొంతమవుతుంది.

“రాస్తున్నవా?”

“రాస్తున్న.”

“పత్రికలో వచ్చిన మాటలు చెప్పింది నేనే. ఏమేం మాటలో అవి గూడ రాయాలె, సారు ఖచ్చితంగ రాయమన్నడు.” రాకేష్ చిరిగిన పత్రికను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. “పోయిన ఏడాది గింజలకు కొత్త తేదీ అంటించారనియు... వందకు యాభై ఆరే మొలిచాయనియు... మొలవని గింజను వేలితో నొక్కితే...”

ఆగాడు.

ఆ వాక్యాన్ని అతను ఈ నాలుగు రోజుల్లో చాలాసార్లు చదివి ఉంటాడు. కానీ ఇంతవరకూ ‘ఆయన’ దగ్గరికి త్వరగా చేరుకోవడం కోసమే చదివాడు. ఇప్పుడు మొదటిసారి మధ్యలో నిలబడ్డాడు.

“ఎల్లస్వామి గింజలు నొక్కి చూస్తడా?” అన్నాడు, కాగితం మీదినుంచి కళ్లు ఎత్తకుండా.

“ఆయన ట్రేలు కడుగుతడు,” అంది కరుణ.

తడి కాగితం చుట్టను విప్పి, మొలకలను ఒకవైపు, మొలవని గింజలను ఒకవైపు పేర్చి, మొలవనివాటిని చూపుడువేలితో ఒక్కొక్కటే నొక్కి చూసే పని ఆ గదిలో ఎవరిదో రాకేష్‌కు తెలుసు. పన్నెండు రోజుల కింద ఇదే గదిలో, ఇదే చాప మీద, ఆమె అతనికి ఆ సంగతి చెప్పబోయింది. “యాభై ఆరే వచ్చినయ్,” అంది. “నీ పని లెక్కపెట్టుడు, గది వరకే చూస్కో,” అని అతను అటు తిరిగాడు. ఆ తర్వాత ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

రాకేష్ ఆమె చేతి వైపు చూశాడు. కలం పట్టుకున్న వేలి వైపు. చాలాసేపు చూశాడు.

అప్పుడు కరుణకు అర్థమైంది. ‘ఆయన అంటే మగోడే గద’ అని అతను నాలుగు రోజులుగా అరుస్తున్నది ఎల్లస్వామి మీద కోపంతో కాదు. ఆ ఒక్క మాట అబద్ధమైతే తన ఇల్లు ఏమవుతుందోనన్న భయంతో. పత్రిక మొత్తాన్నీ కాదన్న మనిషి ఆ మూడక్షరాలను మాత్రం పట్టుకుని వేలాడుతున్నాడు.

అడుగుతాడేమోనని ఆమె చూసింది. అడిగితే చెప్పేది. అడగకే కదా ఇంతకాలం ఇలా ఉన్నది.

“రాయి,” అన్నాడు రాకేష్. గొంతు మారింది. “నొక్కితే మెత్తగా పోతుందనియు. రాయి.”

ఫోను మోగింది. తెర మీద ప్రేమ్‌సాగర్ పేరు. రాకేష్ పత్రికను అక్కడే పడేసి వాకిట్లోకి నడిచాడు. “నమస్తే సార్... అయితుంది సార్... మా ఇంట్లనే, నా ముంగట్నే సార్...”

*

ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు మిగిలారు. ప్రమీలమ్మ వంటింట్లో పులుసు పెట్టింది. సైదమ్మ ఆకు పొట్లం ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

“బిడ్డా, ఇంక మస్తు ఉన్నదా రాసేది?”

“కొంచమే.”

“ఆయన పేరు ఒక్కటే రాస్తడు. మిగిలింది ఎట్ల రాసినా ఆయనకు సమజ్ గాదు. నువ్వే మంచిగ రాయి. ఆయనను మరీ దొంగను చెయ్యకు.”

ఆ మాట అనేటప్పుడు సైదమ్మ గొంతులో ఏడుపు లేదు. కూరగాయలు తూచేవాడితో ‘జర చూసి వెయ్యి’ అన్నట్టే అంది. అది కరుణను కదిలించింది. ఇన్ని రోజుల్లో తనను నమ్మి ఒక పని అప్పగించిన మనిషి ఈమె ఒక్కతే. తాను ఎవరో తెలియకుండానే నమ్మింది.

పేరు చెప్పుకుంటే ఏమవుతుందో కరుణకు తెలుసు. నౌకరి ఆమెది పోతుంది, రాకేష్‌దీ పోతుంది. రిజిస్టరు తెరిచి, ‘ఇది నీ చేతిరాత కాదా, అప్పుడు అబద్ధం రాసినదానివి ఇప్పుడు నిజం చెప్తున్నావని ఎట్లా నమ్మాలి?’ అంటారు. అనాలి కూడా. పేరు ఉంటేనే కదా అడగగలిగేది. అడగనీ. జవాబు చెప్పడానికి ఒక మొహం ఉంటుంది. గాలి ఉండదు.

కలం కదిలింది. ‘నేను’ పక్కన కామా ఉంది. కామా పక్కన తెల్లటి జాగా ఉంది.

ఆమె రాసింది. ఆగకుండా రాసింది. కొట్టివేత లేకుండా, గీత తప్పకుండా, రిజిస్టరులో అబద్ధపు అంకెను ఎంత గుండ్రంగా రాసిందో అంత గుండ్రంగా రాసింది. అడుగున సంతకం పెట్టింది.

“అయిందా బిడ్డా? జర సదివి ఇనిపియ్యి. ఆయనకు చెప్పాలె గద నేను.”

కరుణ కాగితం ఎత్తింది. మొదటి మాట పలికేసరికి గొంతు తనది కానట్టు అనిపించింది. రెండో మాటకు తనదే అయింది.

“నేను, కరుణ, భర్త రాకేష్, సిరిగింజ సీడ్స్ మొలక పరీక్ష గదియందు పనిచేయుచున్నదానను, నా ఇష్టపూర్వకముగా రాసి ఇచ్చు కాగితం ఏమనగా, పత్రికలో వచ్చిన మాటలు చెప్పింది నేనే. ఎల్లస్వామికి ఆ మాటలతో ఏ సంబంధమూ లేదు. వందకు యాభై ఆరు గింజలే మొలిచినవి. రిజిస్టరులో డెబ్బై ఎనిమిది అని రాసినది కూడా నేనే. అది అబద్ధము. ఇది నిజము.”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

సైదమ్మ నోరు కొంచెం తెరుచుకుంది. ఆమెకు చదువు రాదు కానీ చెవులున్నాయి. “పనిచేయుచున్న... దానను,” అని నెమ్మదిగా, గింజ నమిలినట్టు, ఆ మాటను నోట్లో తిప్పుకుంది. తర్వాత ఆమె కళ్లు కరుణ భుజం మీదుగా వాకిలి వైపు వెళ్లాయి.

కరుణ వెనక్కి తిరిగింది.

రాకేష్ గడపలో నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో తెలియదు. ‘భర్త రాకేష్’ అన్నప్పుడే ఉండి ఉండాలి. తన పేరు విన్న మనిషి మొహం అది. ఫోను చెవి దగ్గర లేదు. చేతిలో, గాలిలో, పెట్టేయకుండా ఉంది.

ప్రమీలమ్మ వంటింటి తలుపు దాకా వచ్చింది. కోడలినీ కొడుకునూ మార్చి మార్చి చూసింది. పొద్దున అన్న ‘పిరికోడు’ అన్న మాట ఆమె పెదవుల మీద ఎక్కడో ఇంకా ఉన్నట్టుంది. అరచేత్తో నోరు తుడుచుకుంది.

రాకేష్ రెండడుగులు వేసి కాగితం అందుకున్నాడు. చింపుతాడనుకుంది. చింపలేదు. పై నుంచి కింది దాకా చదివాడు. చివర సంతకం దగ్గర, పసుపు వేలిముద్ర దగ్గర, అతని కళ్లు ఆగిపోయాయి.

“గిది నాకెందుకు చెప్పలే?” అన్నాడు. పెదవులు మాత్రమే కదిలాయి.

“చెప్పిన,” అంది కరుణ. “నువ్వు అటు తిరిగినవ్.”

ఫోనులోంచి ప్రేమ్‌సాగర్ గొంతు గదిలోకి వచ్చింది. చిన్నగా, చిరాకుగా.

“హలో. రాకేష్, ఉన్నవా? ఏమైంది కాగితం? సంతకం పెట్టిండా?”

సైదమ్మ ఒడిలోని ఆకు పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ప్రమీలమ్మ తలుపు చెక్కను పట్టుకుంది. కరుణకు పట్టుకోవడానికి ఏమీ లేదు.

రాకేష్ ఫోనును నెమ్మదిగా నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. చూపు మాత్రం కరుణ మీదే ఉంది.

“పెట్టింది, సార్.”

ప్రేమ్‌సాగర్ గొంతు పెరిగింది.

“ఏమన్నవ్? పెట్టిండా, పెట్టిందా? సరిగ్గ చెప్పు.”

రాకేష్ నోరు తెరిచాడు. ఆ ఒక్క అక్షరాన్ని దిద్దుకోవడానికి అతనికి ఇంకా వ్యవధి ఉంది. కరుణ కదలకుండా నిలబడి, అతని పెదవుల వంక చూస్తూ ఉంది.